ఆకు మరిచిన వేరు

గుమ్సాన్ ఊరు దాటి, జిన్సెంగ్ అనే మందువేరు తోటల మీద కప్పిన నల్ల పరదాల వరసలు కూడా దాటాక, కొండ మొదట్లో ఒక ఫ్యాక్టరీ ఉంది. అందులో రెండో అంతస్తులో కిటికీ లేని ఒక గది తాక్ మిరాన్‌ది. పంతొమ్మిదేళ్ళు ఆమె ఆ గదిలోనే పనిచేసింది. ఒక బల్ల మీద పదహారు గాజు కుప్పెలు మెల్లగా గుండ్రంగా ఊగుతూ ఉండేవి. వాటిలో చక్కెర, లవణాలు కలిపిన నీళ్ళు. ఆ నీళ్ళలో విరిగిన మజ్జిగ పలుకుల్లా లేత పసుపు రంగు కణాలు. ఇరవై రెండేళ్ళ కిందట ముజు కొండల్లో దొరికిన ఒకే ఒక్క అడవి జిన్సెంగ్ వేరు నుంచి గోరంత ముక్క కోసి పెంచిన సంతానం అదంతా.

ఆ కుప్పెల్లోంచి కొంచెం తీసి చిన్న తొట్టిలో వేస్తే పెరిగేవి. అక్కణ్ణించి ఇంకో తొట్టికి, అక్కణ్ణించి ఇంకా పెద్దదానికి మారి, చివరకు మూడంతస్తుల ఎత్తున్న ఉక్కు ట్యాంకుకు చేరేవి. ట్యాంకు నిండాక వడకట్టి, ఎండబెట్టి, పొడి చేసి బలం మందుల వాళ్ళకీ ముఖానికి రాసుకునే క్రీముల వాళ్ళకీ పంపేవారు. తొట్లకీ ట్యాంకులకీ చాలామంది మనుషులున్నారు. మూలమైన ఆ పదహారు కుప్పెలకు మాత్రం మిరాన్ ఒక్కతే.

పద్నాలుగు రోజులకోసారి వాటిని కొత్త నీళ్ళలోకి మార్చాలి. ఒక్కరోజు ఆలస్యమైతే కణాలు గోధుమరంగుకు తిరుగుతాయి. చెయ్యి కాస్త అజాగ్రత్తగా కదిలితే గాల్లోని బూజు పడుతుంది. ఫ్యాక్టరీలో దాన్ని మైల పడటం అనేవారు. పంతొమ్మిదేళ్ళలో మిరాన్ చేతిమీద మైల పడింది రెండుసార్లే. ఆ పేరుతోనే ఆమె గదికి ఇంకెవరినీ పంపలేదు. ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

పద్నాలుగు రోజుల లెక్క ఆమె బతుకంతటికీ లెక్కయి కూర్చుంది. అక్క ఉల్సాన్‌లో పురుడు పోసుకుని నెల రోజులు తోడుండమంటే పదకొండు రోజులుండి తిరిగొచ్చింది. అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పే ఒకాయన ఆమెను పెళ్ళి చేసుకుందామనుకున్నాడు. ఆయనకు తూర్పు తీరానికి బదిలీ అయింది. "ఈ మార్పు అయ్యాక ఆలోచిద్దాం" అంది మిరాన్. ఆయన ఏడు మార్పులు ఎదురుచూశాడు. తరవాత ఉత్తరాలు తగ్గాయి. అమ్మ పోయాక ఫ్లాటులో మిరాన్ ఒక్కతే మిగిలింది. అప్పుడామెకు నలభై నాలుగు. ఇప్పుడు యాభై ఒకటి.

ఆ ఏడు వేసవిలో కొత్త యంత్రాలు వచ్చాయి. కణాలను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచిపెడతారు. కావలసినప్పుడు ఒక గొట్టం కరిగించి యంత్రానికిస్తే చాలు. చిన్న తొట్టి నుంచి పెద్ద ట్యాంకు దాకా అదే మారుస్తుంది, అదే చక్కెర కొలిచి పోస్తుంది, అదే గాలి బుడగలు వదులుతుంది. మనిషి చెయ్యి ఎక్కడా తగలదు.

ఆ మాట చెప్పడానికి సెక్షన్ హెడ్ బాన్ చోల్మిన్ స్వయంగా ఆమె గదికొచ్చాడు. నలభై దాటినవాడు, నవ్వు ముఖం.

"మిరాన్ గారూ, శుభవార్త. ఇక మీకు ఈ పద్నాలుగు రోజుల గొడవ ఉండదు. కింద కంట్రోల్ రూములో కుర్చీ వేయించాను. తెర మీద అంకెలు చూస్తూ కూర్చోవడమే. మీకు మిగిలిపోయిన సెలవులు చూశాను, బాబోయ్! నెల రోజులు ఎక్కడికైనా హాయిగా వెళ్ళి రండి."

"ఎక్కడికి?" అని అడిగింది మిరాన్.

బాన్ అది హాస్యమనుకుని పగలబడి నవ్వాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది.

అక్టోబరులో కొత్త యంత్రశాల ప్రారంభోత్సవం పెట్టారు. ఆ తొలి వేరును తవ్విన మనిషి బతికే ఉన్నాడని ఎవరో చెప్పారట. ఆయన్ని పిలిపించి పూలగుత్తి ఇస్తే బాగుంటుందని పైవాళ్ళకు తోచింది. ఆయనకు ఫోను లేదు. వెళ్ళి పిలుచుకు రావడానికి తీరికున్నది మిరాన్‌కే.

ముజు దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు, ఆ తరవాత గంట నడక. ప్యో మాన్బోక్ అనే ఆ ముసలాయన తన ఇంటి వెనక తేనెపెట్టెల దగ్గర వంగి ఉన్నాడు. ఎండుకట్టెలాంటి మనిషి, డెబ్భై తొమ్మిదేళ్ళు. తల తిప్పకుండానే కేకేశాడు.

"తేనె అయిపోయిందమ్మా! వచ్చే ఏడు రా!"

"తేనెకి రాలేదండీ పెద్దాయనా. గుమ్సాన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాను. ఇరవై రెండేళ్ళ కిందట మీరో వేరిచ్చారు కదా..."

ఆయన అప్పుడు తిరిగి చూశాడు. ముఖానికున్న వల తీశాడు.

"బతికే ఉందా అది?"

"ఉందండీ."

"ఎంతయిందిప్పుడు?"

"ఏడాదికి నలభై టన్నులు తీస్తున్నామండీ."

"ముసలాణ్ణని ఆట పట్టిస్తున్నావా? నేనిచ్చింది నా అరచేతిలో పట్టింది."

"ఆటకాదండీ. నిజం."

ఆయన వలను తేనెపెట్టె మీద పడేశాడు. లోపలికి పిలిచి ఓక్ చెట్టు గింజల పిండితో చేసిన జున్నులాంటి ముద్ద, ముల్లంగి కిమ్చి ఊరగాయ పెట్టాడు. తను తినకుండా ఆమె తినడం చూస్తూ కూర్చున్నాడు. ఆ ఇంట్లో రెండో గిన్నె తీసి ఎన్నాళ్ళయిందో, అంచున దుమ్ము మెత్తగా పేరుకుని ఉంటే లాగుకే తుడిచి ఇచ్చాడు. ప్రారంభోత్సవం సంగతి వినగానే ముందు రానన్నాడు. పూలు తనకెందుకన్నాడు. ఆమె గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే వెనకనుంచి అడిగాడు.

"చూడనిస్తారా దాన్ని?"

"నేను చూపిస్తానండీ."

"అయితే వస్తా."

ఆ రోజు ఆయన పాత సూటు తొడుక్కుని వచ్చాడు. కాలర్‌లో మెడ వదులుగా ఆడుతోంది. ప్రసంగాలయ్యాయి, రిబ్బను కత్తిరించారు, పూలగుత్తి ఇచ్చి ఫొటోలు తీశారు. అందరూ భోజనాలకు వెళ్ళాక మిరాన్ ఆయన్ని ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళింది. ఉక్కు గోడలో పళ్ళెమంత గాజుకన్ను ఉంది. లోపల దీపం వేసింది. లేత పసుపు గంజిలాంటిది కింద నుంచి పైకి ఉబికి, మళ్ళీ పక్కలనుంచి దిగుతోంది.

ముసలాయన రెండు చేతులూ కళ్ళకు అడ్డంపెట్టుకుని చూశాడు.

"తలేది? నేనిచ్చింది మనిషి బొమ్మలా ఉండేది."

"తల ఉండదండీ."

"మెడ? మెడ మీద గీతలు లెక్కపెడితేనే కదా వయసు తెలిసేది. నేను తవ్వినప్పుడు అరవై ఎనిమిది గీతలున్నాయి."

"మెడా లేదండీ. కాళ్ళూ లేవు. కణాలు, అంతే."

"మరి ఏం చేస్తుంటుందిది లోపల?"

"పెరుగుతుంది. రెండుగా చీలుతుంది. మళ్ళీ పెరుగుతుంది."

"అంతేనా?"

"అంతేనండీ."

ఆయన గాజు మీద పడిన ఊపిరి చెమ్మను చేతిరుమాలుతో తుడిచాడు. తన వల్ల ఏదో మురికైనట్టు జాగ్రత్తగా తుడిచాడు.

"చావదన్నాడు అప్పుడొచ్చిన కంపెనీ ఆయన. అబద్ధం చెప్పలేదు. ఇలా ఉంటుందని మాత్రం చెప్పలేదు."

కంపెనీ కారులో ఆయన్ని దింపడానికి మిరాన్ కూడా వెళ్ళింది. దారంతా పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోకి చూస్తూ కూర్చున్న మనిషి, ముజు మలుపులు మొదలయ్యాక అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ ఏడు మంచు కరగకముందే నా ఇంటిది పోయింది. మే నెలలో వేరు దొరికింది. ముందు సియోల్ నుంచి ఓ పెద్దమనిషి కబురు పంపాడు. పరగడుపున నమిలి మింగేస్తాడట. అరవై ఎనిమిదేళ్ళు మట్టిలో ఉన్నదాన్ని ఒక్క పూటలో! సరే, దానికోసమే కదా తవ్వేది, ఎప్పుడూ అదే పని. కానీ ఆ ఏడు నాకు మనసొప్పలేదు. అప్పుడే మీ కంపెనీ ఆయనొచ్చి, మాకిస్తే ఇది ఎప్పటికీ చావదు అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఇచ్చేశాను."

పూలగుత్తి ఒళ్ళో సర్దుకుని మళ్ళీ అన్నాడు.

"దాన్ని ఓసారి మట్టిలో పెట్టి చూడకూడదూ?"

"రెండు రోజుల్లో కుళ్ళిపోతుందండీ. ఇన్నేళ్ళు తీపి నీళ్ళలో ఉండి ఆకు వేయడం మరిచిపోయింది."

"మరిచిపోయిందంటే, ఒకప్పుడు తెలిసిందేగా?"

మిరాన్ ఆయన్ని ఇంటిదాకా దింపింది. తిరుగు ప్రయాణంలో డ్రైవరు ఏదో మాట్లాడుతున్నా ఆమె ఊ కొట్టలేదు.

డిసెంబరు ఆఖరుకి పదహారు కుప్పెలూ ఆవిరిపెట్టెలో వేసి చంపి పారేయాలని ఆదేశం వచ్చింది. మిరాన్ బాన్ దగ్గరికెళ్ళింది.

"రెండు కుప్పెలు నాకు ఉంచండి."

"ఏం చేసుకుంటారండీ వాటితో?"

"ఆకు వస్తుందేమో చూస్తాను."

బాన్ కళ్ళద్దాలు తీసి ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో ఆమె తనకోసం ఒక్కటంటే ఒక్కటి అడగలేదన్న సంగతి బహుశా అప్పుడే గుర్తొచ్చి ఉంటుంది.

"మిరాన్ గారూ, ఇది ఇరవై రెండేళ్ళ ముసలి వరస. దీనికి ఆకూ రాదు, అలమూ రాదు. మన పరిశోధనవాళ్ళు పదేళ్ళ కిందటే చూసి వదిలేశారు."

"రాకపోతే పారేస్తాను."

"సరే, మీ ఇష్టం. ఆ గదిని జూన్‌లో సామాన్ల గది చేస్తారు. అప్పటిదాకా పని గంటలయ్యాక ఏమైనా చేసుకోండి. కాగితాల్లో అన్నీ పారేశామనే రాస్తాను."

పగలంతా కంట్రోల్ రూములో అంకెలు చూడటం, సాయంత్రం రెండు గంటలు పాత గదిలో కూర్చోవడం. ఆ చలికాలం అలా గడిచింది. కణాలను నీళ్ళలోంచి తీసి గాజుపళ్ళాల్లో జిగురుముద్ద మీద పరిచింది. నీళ్ళలో వాటిని కణాలుగానే ఉంచిన మందును ఒక పళ్ళెంలో సగానికి తగ్గించింది, ఇంకోదాంట్లో పూర్తిగా మానేసింది. చక్కెర పెంచింది, తగ్గించింది. కొన్నిటిని చీకట్లో పెట్టింది, కొన్నిటిని వెలుగులో. నూటనలభై పళ్ళాలు. ఒక్కొక్కటే గోధుమరంగుకు తిరిగి చచ్చిపోతుంటే మూతమీద తేదీ రాసి పక్కన పెట్టేది. అన్నేళ్ళు కణాలు చావకుండా చూడటమే ఆమెకు తెలిసిన పని. ఇప్పుడు తన చేతులతోనే చంపుతున్నట్టుండేది. ఒకరోజు పళ్ళాలన్నీ ఎత్తి బుట్టలో వేసేసి కోటు తొడుక్కుంది. మళ్ళీ కోటు విప్పి, బుట్టలోంచి ఇంకా తెల్లగా ఉన్న తొమ్మిదింటిని ఏరి తీసింది.

మార్చిలో ఒక పళ్ళెంలో ఆవగింజలంత గట్టి గుళ్ళు కనిపించాయి. ఏప్రిల్లో రెండు గుళ్ళకు ఆకుపచ్చ పొర వచ్చింది. మే నెల మొదటి వారం ఒక బుధవారం, గుళ్ళలో ఒకటి సన్నని కాడ ఎత్తి, దాని చివర ముడుచుకున్న మూడాకులు విప్పింది. చిటికెన గోరు కన్నా చిన్న ఆకులు.

మిరాన్ లేచి తలుపుదాకా వెళ్ళింది. వరండాలో ఎవరూ లేరు. బాన్ సియోల్ వెళ్ళాడు. అక్కకు ఫోను చేసింది.

"అక్కా, ఆకు వచ్చింది."

"ఏం ఆకే?"

"జిన్సెంగ్‌ది. పాత కుప్పెల్లోంచి."

"గుమ్సాన్‌లో జిన్సెంగ్ ఆకు రావడం కూడా ఓ విశేషమా? ఊరంతా అవేగా. సరే గాని, పంటల పండగకి పెద్దల పూజకైనా వస్తున్నావా లేదా?"

"వస్తాను" అని పెట్టేసింది. మళ్ళీ వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది.

రెండో గుండు చచ్చిపోయింది. మిగిలిన ఆ ఒక్కదాన్ని జూన్‌లో గది ఖాళీ చేసేటప్పుడు మూతున్న గాజుసీసాలోకి మార్చి, ఇంటికి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టింది. గేటు దగ్గర బాన్ ఎదురయ్యాడు. ఆమె చేతిసంచీ వైపు చూశాడు.

"భోజనం డబ్బానా?"

"అవునండీ."

"జాగ్రత్తగా పట్టుకోండి, ఒలికిపోతుంది" అని తప్పుకున్నాడు.

ఆ వేసవి ఆమె అన్నం తినే చోటు మార్చింది. టీవీ ముందు కాకుండా వంటింట్లో, సీసాకు ఎదురుగా. ఆగస్టు ఆఖరుకి కింద దారంత వేరు దిగింది. మూత రోజూ కొంచెం కొంచెం తెరిచి బయటి గాలికి అలవాటు చేసింది. సెప్టెంబరు మొదటి ఆదివారం సంచీలో పెట్టుకుని ముజు బస్సెక్కింది.

ముసలాయన వరండాలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్నాడు. సీసా చూసి చేతులు కడుక్కుని వచ్చాడు. వెలుగులోకి ఎత్తి పట్టుకుని, ఆకులు చూసి, కాడ చూసి, కింద దారంలాంటి వేరు చూశాడు.

"పుట్టి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలండీ."

"నా మనవరాలి వయసైనా లేదు. అసలు నాకు మనవరాలే లేదనుకో" అని నవ్వాడు. "ఇక్కడ కూర్చో. రావద్దు నా వెంట."

"నేనూ వస్తానండీ. ఎక్కడ పెడతారో చూస్తాను."

"వీల్లేదు. సిమ్ ఉన్న చోటు ఎవరికీ చెప్పం. మా నాన్న నాకు చెప్పలేదు. నా ఇంటిదానికి నేను చెప్పలేదు. నువ్వెంత?"

సిమ్ అంటే వాళ్ళ కొండ మాటలో అడవి జిన్సెంగ్. మిరాన్‌కు కోపం వచ్చింది. తొమ్మిది నెలలు తను పెంచినదాన్ని చూడనివ్వకపోవడమేమిటని అనబోయి, ఆయన అప్పటికే తలకు గుడ్డ చుట్టుకుని కర్ర అందుకోవడం చూసి ఊరుకుంది. మిగిలిన పొత్తులు ఒలుస్తూ కూర్చుంది. ఆయన మూడు గంటల తరవాత మోకాళ్ళకు మట్టితో, ఖాళీ సీసాతో తిరిగొచ్చాడు.

"బాగుంటుందా అక్కడ?" అని అడిగింది.

"అది అక్కడివాళ్ళు చూసుకుంటారు" అన్నాడు, కొండ వైపు గడ్డంతో చూపిస్తూ. ఆ రోజు ఇద్దరూ మక్కొల్లి అనే బియ్యపు కల్లు తాగారు. ఆమెకు బస్సులో తల తిరిగింది. మనసు మాత్రం చాలా ఏళ్ళ తరవాత తేలిగ్గా ఉంది. ఇంటికొచ్చి దీపం వేస్తే కిటికీలో సీసా లేని చోటు కనిపించింది. గుండ్రటి మరక ఒకటి ఉంది. దాన్ని తుడవలేదు.

జనవరిలో ముసలాయన మంచుమీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తమ్ముడి కొడుకు ఇల్లు మూసి, తేనెపెట్టెలు ఎవరికో ఇచ్చేసి, ఆయన్ని ముజులో వృద్ధుల ఆసుపత్రిలో చేర్చాడు. మిరాన్‌కు ఈ సంగతి ఏప్రిల్లో గాని తెలియలేదు. కొండ ఇంటికి వెళ్ళి తాళం చూసి, కింది ఊళ్ళో అడిగి తెలుసుకుంది.

మంచం మీద ఆయన సగమయ్యాడు. ఆమెను మాత్రం వెంటనే గుర్తుపట్టాడు.

"మక్కొల్లి తెచ్చావా?"

"ఇక్కడ తేనివ్వరండీ. పెద్దాయనా, అది మొలిచే కాలమిది. ఎక్కడ పెట్టారో చెప్పండి. నేను వెళ్ళి చూసి వచ్చి మీకు చెబుతాను."

"చెప్పను."

"మీరు వెళ్ళలేరు, నన్ను వెళ్ళనివ్వరు. మరి అది మొలిచిందో లేదో ఎవరికి తెలుస్తుంది?"

"దానికి తెలుస్తుందిగా" అని కళ్ళు మూసుకున్నాడు. తరవాత ఒక కన్ను తెరిచి, పక్క మంచం వాళ్ళు వినకుండా గొంతు తగ్గించాడు. "ఉత్తరం వాలు. మధ్యాహ్నానికే ఎండ వెళ్ళిపోయే చోటు. పైన్ చెట్లూ వెడల్పాకు చెట్లూ కలిసి ఉంటాయి. ఇంకేం అడక్కు."

అలాంటి వాలులు ఆ కొండకు ఎన్నో ఉన్నాయి. మే నెలలో మిరాన్ నాలుగు ఆదివారాలు ఎక్కింది. ఒకసారి ఒక బండ పక్కన చిన్న కాడ, చేతివేళ్ళలా విప్పుకున్న ఆకులు కనిపించాయి. ఆసుపత్రికి పరుగున వెళ్ళి చెప్పింది.

"కాడ మీద నూగు ఉందా?"

"ఉంది."

"కాడ మొదట్లో కట్టెలా గట్టిగా ఉందా?"

ఆమె ఆలోచించింది. "ఉందండీ."

"అది ముళ్ళపొద పిల్లమ్మా! ప్రతి కొత్తవాడూ మొదట దానికే మొక్కుతాడు" అని ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. నర్సు వచ్చి కోప్పడింది.

వానాకాలం మొదలైన వారంలో ఆయన పోయాడు. తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. కర్మశాలలో ఆరుగురే ఉన్నారు. ముందు పెట్టిన ఫొటోలో ఆయన ఆ పాత సూటులోనే ఉన్నాడు. మిరాన్ రెండుసార్లు సాగిలపడి మొక్కి, కారం పులుసు తిని, ఎవరితో మాట్లాడాలో తెలియక కాసేపు కూర్చుని వచ్చేసింది.

ఆ తరవాత కూడా ఆమె ఆదివారాలు కొండెక్కడం మానలేదు. ముళ్ళపొదకీ సిమ్‌కీ తేడా ఇప్పుడు దూరం నుంచే తెలుస్తుంది. ఆ మూడాకుల మొక్క మాత్రం దొరకలేదు. మొదటి చలికే పోయిందో, ఇంకే వాలు మీదో ఉందో చెప్పేవాళ్ళు లేరు.

జులై ఆఖరున ఒక ఆదివారం, వాన వెలిసిన పూట, ఒక పడిపోయిన మానుకు అవతల ఎర్రటి పళ్ళ గుత్తి కనిపించింది. దగ్గరికెళ్ళి చూసింది. నాలుగు కొమ్మలుగా విడిన కాడ, కొమ్మకు ఐదేసి ఆకులు. కనీసం ముప్ఫై ఏళ్ళది. తనది కాదు. ఎవరికీ చెందనిది. మిరాన్ ఆ పక్కనే తడి నేలమీద మోకాళ్ళు ఆనించి చాలాసేపు కూర్చుంది. చుట్టూ ఆకుల మీంచి నీళ్ళు రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పళ్ళు నాలుగు కోసి, ఒక్కొక్కటే వేలు లోతున మట్టిలో నొక్కి, పైన ఎండాకులు కప్పింది. వేరును ముట్టుకోలేదు. సాయంత్రం బస్సు అందుకోవడానికి దిగి వచ్చేసింది.

మర్నాడు కంట్రోల్ రూములో బాన్ ఆమె బూట్ల అంచున ఎండిన మట్టి చూశాడు.

"ఆదివారం ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?"

"కొండెక్కాను."

"అబ్బో! ఎవరితో?"

"ఒక్కదాన్నే" అంది మిరాన్, తెరమీది అంకెల వైపు తిరుగుతూ.